కాచినా పోని విషం

మొన్నటి ఉపాధ్యాయ శిక్షణలో ఒక వక్త, "మీ పిల్లలకు రోగనిరోధక శక్తి తక్కువ, నీళ్లు కాచి తాగమనండి" అన్నాడు. అందరూ రాసుకున్నారు. నేనూ రాసుకున్నాను. ఇంటికొస్తూ బస్సులో ఆలోచిస్తే ఒళ్లు మండింది. తక్కువ సరే, ఎందుకు తక్కువ? తిండి చాలదంటారు, మురికంటారు, సారా అంటారు. అన్నీ మన తప్పులే. మనం తాగే నీళ్లలో ఏ లోహముందో ఒక్కరైనా చూశారా?

రొమ్ము ఎముక వెనక థైమస్ అనే గ్రంథి ఉంటుంది. రోగాలతో పోరాడే టి కణాలకు అదే బడి. శత్రువెవరో, సొంతవాళ్లెవరో అక్కడే నేర్చుకుంటాయి. బంగ్లాదేశ్‌లోని మత్లబ్‌లో గర్భిణుల ఒంట్లో ఆర్సెనిక్ ఎంతుందో కొలిచి, పుట్టిన బిడ్డల్ని గమనించారు. ఆర్సెనిక్ ఎక్కువున్న తల్లుల బిడ్డల్లో ఆ గ్రంథి చిన్నదిగా ఉంది. ఊపిరితిత్తుల జబ్బులూ వాళ్లకే ఎక్కువ వచ్చాయి. (ఆర్సెనిక్‌ను పాఠ్యపుస్తకం అర్ధలోహం అంటుంది. విషం మాత్రం సగం కాదు.)

చిలీ దేశంలో అంతోఫగాస్తా అనే నగరముంది. 1958లో అక్కడ కొత్త నది నీళ్లు కుళాయిలకు మళ్లించారు. లీటరుకు 870 మైక్రోగ్రాముల దాకా ఆర్సెనిక్. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇప్పుడు పెట్టిన హద్దు 10. 1970లో శుద్ధి చేసే ప్లాంటు కట్టారు. కానీ అప్పటికే, నీళ్లు మళ్లించిన పదేళ్లకు, మగవాళ్లలో టీబీ చావులు పెరగడం మొదలైంది. ప్లాంటు వచ్చాక కూడా ఏళ్ల తరబడి ఆగలేదు. కాగితం మీద అవి టీబీ చావులే. లోహం తన పేరుతో చంపదు, అందుకే దొరకదు.

సీసం ఇంకో దొంగ. ఎముకల్లో కాల్షియం చోట దూరి పదుల ఏళ్లు కూర్చుంటుంది. పెద్దల కంటే పిల్లల ఒంటికి ఎక్కువ పడుతుంది.

ఇక కాచి తాగమన్న సలహా. కాస్తే క్రిమి చస్తుంది, ఆర్సెనిక్ చావదు. నీరు ఆవిరై, మిగిలినదాంట్లో విషం చిక్కబడుతుంది.

ఇది పరాయి దేశాల గొడవ కాదు. ఛత్తీస్‌గఢ్‌లో అంబాగఢ్ చౌకీ దగ్గర, గోండులుండే ప్రాంతంలోనే, కౌడికసా ఊరి నీళ్లలో ఆర్సెనిక్ ఉందని 1999లోనే బయటపడింది. మన బోర్లలో కూడా ఉందని నేననడం లేదు. చూడలేదంటున్నాను. మా బడికొచ్చిన నీటి పరీక్ష పెట్టెలో క్లోరిన్‌కు, ఫ్లోరైడ్‌కు, నైట్రేట్‌కు, ఇనుముకు మందులున్నాయి. ఆర్సెనిక్‌కు లేదు, సీసానికి లేదు. చూడకుండానే మన అలవాట్ల మీద తీర్పు చెప్పేశారు! మనలో చదువుకున్నవాళ్లం కూడా ఆ తీర్పునే పిల్లలకు అప్పజెప్పిస్తున్నాం.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, గ్రామసభ పెట్టించండి. ప్రతి బోరు నీళ్లూ ప్రయోగశాలకు పంపి ఆర్సెనిక్, సీసం చూడాలని పేరుపేరునా తీర్మానం రాయండి. "నీళ్లు బాగున్నాయి" అంటే ఒప్పుకోవద్దు. లీటరుకు ఎంతో అంకె అడగండి. మా ఊరి తీర్మానం పోయిన నెల ఇచ్చాం. అంకె ఇంకా రాలేదు. రసీదు నా దగ్గరుంది.