అందరికీ తెలిసిందే... అంటే ఎవరికి?

రాత్రి భోజనాల వేళ. ఇంటర్ పూర్తిచేసిన అమ్మాయి 'నేను డిగ్రీలో హిస్టరీ తీసుకుంటా' అంది. పప్పు వడ్డిస్తున్న అమ్మ గరిటె ఆగిపోయింది. 'హిస్టరీ చదివితే ఉద్యోగాలు రావని అందరికీ తెలిసిందే' అన్నారు నాన్న. 'ఇంజినీరింగ్ అయితేనే భవిష్యత్తు. ఎవర్నడిగినా అదే చెబుతారు' అన్నాడు బాబాయి. 'పెద్దవాళ్లు ఊరికే అంటారటే' అంటూ ముక్తాయించింది నాయనమ్మ. అమ్మాయి మారుమాట్లాడకుండా కంచం తీసుకుని లేచిపోయింది.

ఏ ఇంట్లోనైనా జరిగే ముచ్చటే ఇది. పిల్ల బాగుండాలన్న తాపత్రయం తప్ప అక్కడ ఎవరి మనసులోనూ మరోటి లేదు. కానీ 'నాకు భయంగా ఉందమ్మా' అని ఒక్కరూ అనలేదు. ఆ భయానికి నిజం అనే చొక్కా తొడిగారు. అభిప్రాయమైతే అటూ ఇటూ మాట్లాడుకోవచ్చు. 'అందరికీ తెలిసిన నిజం'తో ఎవరు వాదించగలరు?

ఎవరా నలుగురు?

'అందరికీ తెలిసిందే' అన్న మాటలో ఓ కిటుకు ఉంది. అన్నవాళ్లు రుజువు చూపక్కర్లేదు. విన్నవాళ్లు మాత్రం కాదన్నారంటే లోకజ్ఞానం లేనివాళ్లయిపోతారు. 'బుద్ధున్న వాళ్లెవరైనా ఒప్పుకుంటారు' అన్నదీ అలాంటిదే. ఒప్పుకోకపోతే ఏమవుతారో విడిగా చెప్పాలా! ఇక 'నలుగురూ ఏమనుకుంటారు?' అని అడిగినప్పుడు ఆ నలుగుర్నీ లెక్కపెట్టి చూడండి. చాలాసార్లు ఎదురింటావిడా, పెళ్లిళ్లలో మాత్రమే కనిపించే ఓ దూరపు చుట్టం దగ్గర లెక్క ఆగిపోతుంది.

పిల్లలేం తక్కువ తినలేదు. 'మా క్లాసులో అందరికీ ఫోనుంది' అంటారు. పేర్లు చెప్పమంటే ముగ్గురు తేలతారు.

సామెతలదీ ఇదే దారి. కొత్త బండి కావాలన్న కొడుకు 'ఆలస్యం అమృతం విషం' అంటే, వద్దనే తండ్రి 'నిదానమే ప్రధానం' అంటాడు. రెండూ పెద్దల మాటలే. ఇద్దరికీ చెరో సామెత దొరికిందంటే బండి కొనాలో వద్దో సామెత తేల్చదనేగా!

కారం మీద పడ్డ నింద

అందరికీ తెలిసింది ఒక్కోసారి అందరూ పొరబడింది కూడా కావచ్చు. కడుపులో అల్సర్ ఎందుకొస్తుందని ఒకప్పుడు ఎవర్నడిగినా కారం, మసాలాలు, మనోవ్యథ అనేవారు. వైద్యులూ ఒత్తిడినీ, ఆమ్లాన్నీ ప్రధాన కారణాలుగా చూసేవారు. ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరానికి చెందిన రాబిన్ వారెన్, బ్యారీ మార్షల్ అనే ఇద్దరు వైద్యులు మాత్రం దీనికి మూలం ఓ బ్యాక్టీరియా అన్నారు. చాలామంది నమ్మలేదు. దాంతో 1984లో మార్షల్ ఆ క్రిములున్న ద్రావణాన్ని తానే తాగేశారు. కొద్దిరోజుల్లోనే ఆయన కడుపులో వాపు మొదలైంది. ఆ పరిశోధనకు 2005లో ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే ఆ క్రిమి, కొన్నిరకాల నొప్పి మాత్రలు... అల్సర్లకు ప్రధాన కారణాలు ఇవేనని ఇప్పుడు తెలుసు. కారంతో కొందరికి మంట పెరగొచ్చు, అంతే. ఈ సంగతి తెలియని రోజుల్లో ఎందరు చప్పిడి కూడు తింటూ, మూలకారణానికి మందు లేకుండానే బాధపడి ఉంటారో!

చిన్న అక్షరం... పెద్ద మేలు

ఈ చిక్కుకి తెలుగులోనే ఓ చక్కని విరుగుడుంది. 'వచ్చాడు' అంటే వచ్చినట్టు ఖాయంగా చెప్పడం. 'వచ్చాడట' అంటే చూళ్లేదు, ఎవరో చెప్పగా విన్నామని. 'ఉద్యోగాలు రావు' అంటే తలుపు మూసుకుపోతుంది. అదే 'రావట' అంటే 'ఎవరన్నారు?' అని అడిగే వీలుంటుంది.

పెద్దల మాటకి విలువివ్వొద్దనీ కాదు. మన న్యాయశాస్త్రం ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం అని నాలుగు ప్రమాణాలు చెప్పింది. శబ్దమంటే ఆప్తుల మాట. ఎవరంటే వాళ్లు ఆప్తులు కారు. విషయం తెలిసి, తెలిసింది తెలిసినట్టు చెప్పేవారే ఆప్తులు. 'అందరూ' అన్న పేరు ఆ జాబితాలో లేదు.

అందుకే ఈసారి వాదన వేడెక్కినప్పుడు ఒక్క క్షణం ఆగి చూడండి. ఇది చూసిందా, విన్నదా, లేక అనిపించిందా? అనిపించిందైతే 'నాకు అనిపిస్తోంది' అనేస్తే పెద్దరికానికి వచ్చే లోటేమీ లేదు. ఎదుటివాళ్లు 'అందరూ' అంటే 'ఎవరెవరు?' అని అడగండి... నిలదీసినట్టు కాదు, నిజంగా తెలుసుకోవడానికి.

ఆ భోజనాల దగ్గరే నాన్న 'నీకు ఉద్యోగం రాదేమోనని నాకు భయమమ్మా' అని ఉంటే? సివిల్స్‌కి ఏ డిగ్రీ అయినా చాలనీ, బీఈడీ చేసి టీచరుగా వెళ్లొచ్చనీ ఆమె చెప్పేది. పోటీ ఎంతుంటుందో ఆయన అడిగేవారు. చివరికి ఆమె హిస్టరీ తీసుకునేదో, ఇంజినీరింగ్‌లో చేరేదో గానీ... అన్నం సగంలో వదిలేసి మాత్రం లేచేది కాదు.