ఉపకారమా? వేతనమా?



‘ఉపకారవేతనం’ అన్న మాట మీద నాకు చాలాకాలంగా ఒక సందేహం ఉంది. ముప్పైనాలుగేళ్ల ఉద్యోగజీవితంలో ఆ మాటను నల్లబల్ల మీద ఎన్నిసార్లు రాసి ఉంటానో లెక్కలేదు. పిల్లలచేత దరఖాస్తు లేఖ రాయించాలంటే మొదట తోచే విషయం అదే కదా! అయితే ఆ సమాసానికి విగ్రహవాక్యం చెప్పబోతే నాకే నాలుక తడబడేది. ఉపకారమంటే చేసినవారి దయ. చేయకపోతే అడిగే హక్కు లేదు. వేతనమంటే పనికి ప్రతిఫలం. ఇవ్వకపోతే అది బాకీ. ఈ రెండూ ఒకే మాటలో ఎలా ఇముడుతాయి? గత శ్రావణంలో ఒక పూర్వవిద్యార్థి మా ఇంటికి వచ్చి వెళ్లిన తరువాత, నా సందేహం వ్యాకరణానికి సంబంధించినది కాదని అర్థమైంది.

అతను గాజువాక వైపు కుర్రవాడు. తండ్రి ఉక్కు కర్మాగారంలో కాంట్రాక్టు కార్మికుడు. పదో తరగతి దాకా నా దగ్గర తెలుగు చదివాడు. పద్యానికి గణవిభజన చేయమంటే లెక్క చేసినంత చురుకుగా చేసేవాడు. ఎం.టెక్. ముగించి ఒక విద్యాసంస్థలో పరిశోధనకు చేరాడు. విషయం, తెలుగు చేతిరాతను కంప్యూటరు చేత చదివించడం. “మాస్టారూ, రకరకాల దస్తూరీలు కావాలి” అంటే, అటక మీద దాచుకున్న పాత కాంపోజిషను పుస్తకాలను ఒక గోనెసంచి నిండా ఇచ్చి పంపాను. నా ముప్పైనాలుగేళ్ల ఎర్రసిరా ఒక శాస్త్రానికి పనికివస్తోందని లోలోపల పొంగిపోయాను కూడా.

శ్రావణంలో ఆ సంచి తిరిగి వచ్చింది. ఏడు నెలలుగా అతనికి ఫెలోషిప్పు అందలేదు. సంస్థవారిని అడిగితే పైనుంచి నిధులు రాలేదన్నారు. పైవారిని అడిగితే కిందినుంచి వినియోగపత్రం రాలేదన్నారు. ఇంట్లో చెల్లెలి పెళ్లి మాటలు నడుస్తున్నాయి. బెంగుళూరులో ఒక సాఫ్టువేరు కంపెనీ పిలిస్తే ఒప్పుకున్నాడు. “ఇవి మీ దగ్గరే ఉంచండి మాస్టారూ, మళ్లీ ఎవరికైనా పనికివస్తాయి” అని సంచిని గుమ్మం దగ్గర దించాడు. చదువు మానవద్దని నోటిదాకా వచ్చిన మాటను మింగాను. నా పింఛను రెండు రోజులు ఆలస్యమైతే ఇల్లంతా గొణుక్కుంటూ తిరిగేవాణ్ణి నేను. ఏడు నెలలు ఓర్చుకున్నవాడికి ఏమని చెప్పను?

ఇటువంటి కథ విశాఖకు కొత్త కాదు. గణాంకశాస్త్రంలో జగద్విఖ్యాతుడైన కల్యంపూడి రాధాకృష్ణారావుగారు ఇక్కడి ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనే గణితంలో ఎం.ఏ. చదివారు. ఆ తరువాత పరిశోధక స్కాలర్‌షిప్పుకు దరఖాస్తు చేస్తే, అది ఆలస్యంగా అందిందన్న కారణంతో తిరస్కరించారని ఆయన జీవితకథ రాసినవారు చెబుతారు. ఉద్యోగం వెతుక్కుంటూ కలకత్తా వెళ్లి, 1941లో అక్కడి భారత గణాంక సంస్థలో చేరారు. 1945లో ఆయన ప్రచురించిన ఒక్క వ్యాసం నుంచే క్రామర్–రావు అవధి, రావు–బ్లాక్‌వెల్ సిద్ధాంతం పుట్టాయి. నేటి రేడారు మొదలు యంత్రాభ్యసనం వరకు ఆ గణితం లేకుండా అడుగు సాగదని తెలిసినవారంటారు. 2023లో, నూటరెండేళ్ల వయసులో, అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి అందుకొని, అదే ఏడు ఆగస్టులో కన్నుమూశారు. ‘చూశారా, స్కాలర్‌షిప్పు రాకపోయినా మహానుభావుడయ్యాడు’ అని కొందరు వాదించవచ్చు. నేను అలా లెక్కించను. కలకత్తాలో మహలనోబిస్‌గారి సంస్థ తలుపు తెరిచి ఉండబట్టి ఆ ఒక్కరు మనకు మిగిలారు. ఏ తలుపూ తెరిచి లేక, పేరైనా తెలియకుండా పోయినవారి జాబితా ఎవరి దగ్గరా లేదు.

మన పెద్దలకు ఈ సంగతి తెలియకపోలేదు. మా నాన్నగారి తరంలో పేదపిల్లలు వారాలు చేసుకొని చదువుకున్నారు. సోమవారం ఒకరింట, మంగళవారం ఇంకొకరింట భోజనం. అందులో చిన్నతనం ఉన్నా ఒక నియమం మాత్రం ఉండేది. మంగళవారం ఇల్లాలు “ఈ వారం పైనుంచి బియ్యం రాలేదు” అని పిల్లవాణ్ణి వెనక్కి పంపేది కాదు. యల్లాప్రగడ సుబ్బారావుగారు 1922లో అమెరికాకు ఓడ ఎక్కగలిగారంటే, మామగారు సమకూర్చిన డబ్బుతోపాటు కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఇచ్చిన మాట కారణం. జయపురం మహారాజా విక్రమదేవవర్మగారు ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు ఇచ్చారు. అక్కడి సైన్సు కళాశాలకు ఆయన పేరే పెట్టారు. ఆయన స్వయంగా కవి, పండితుడు. సాహిత్యం చదివినవాడికి శాస్త్రంతో పనేమిటని ఆయన అనుకోలేదు.

ఇక నేటి లెక్కలు చూద్దాం. గేట్ పరీక్షలో అర్హత పొంది ఎం.టెక్.లో చేరినవారికి అఖిల భారత సాంకేతిక విద్యామండలి ఇచ్చేది నెలకు రూ. 12,400. పదేళ్ల కిందట అంతే, 2025లోనూ అంతే. ఈ పదేళ్లలో విశాఖలో గది అద్దె, మెస్సు ఖర్చు ఎంత పెరిగాయో ఎవరి లెక్క వారికే తెలుసు. పరిశోధకులకు ఇచ్చే జూనియర్ ఫెలోషిప్పు 2014లో రూ. 25,000, 2019లో రూ. 31,000, 2023లో రూ. 37,000 అయింది. పెరిగిందని సంతోషించాలి, కాని పెంచమంటూ పరిశోధకులు ప్రయోగశాలలు వదిలి వీధిలోకి రావలసి వచ్చిన సందర్భాలను మరువలేము. నాబోటి విశ్రాంత ఉద్యోగికి ధరలనుబట్టి ఏటా రెండుసార్లు కరువుభత్యం లెక్కకడతారు. పరిశోధకుడికి ఆ సూత్రం ఎందుకు వర్తించదు?

రెండవది, పంక్తిభేదం. 2018లో ప్రకటించిన ప్రధానమంత్రి పరిశోధక ఫెలోషిప్పు మొదటి రెండేళ్లు నెలకు రూ. 70,000తో మొదలై రూ. 80,000 దాకా వెళుతుంది. మంచిదే. ఆ పథకం కింద అయిదేళ్లలో పదివేల ఫెలోషిప్పులు ఇస్తామని 2025 కేంద్ర బడ్జెట్టులో చెప్పారు. అవి ఐఐటీలకు, బెంగుళూరు ఐఐఎస్‌సీకి. నెట్ లేకుండా చేరిన పరిశోధకులకు యూజీసీ ఇచ్చే రూ. 8,000 కూడా కేంద్రీయ విశ్వవిద్యాలయాలకే పరిమితం. దాన్ని ఆపవద్దని 2015లో ఢిల్లీలో విద్యార్థులు రోజుల తరబడి బైఠాయించారు. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లోని మన పిల్లలకు ఆ ఎనిమిది వేలకోసం పోరాడే అవకాశం కూడా లేదు. వారు ఆ పంక్తిలోనే లేరు.

కంప్యూటర్లకు ప్రత్యేకించి ఒక మంచి పథకం ఉంది. 2014లో కేంద్ర ఐటీ శాఖ విశ్వేశ్వరయ్యగారి పేర పీహెచ్.డీ. పథకం ప్రారంభించింది, తరువాత రెండో దశ కూడా నడిచింది. ఉద్యోగం చేసుకుంటూ పరిశోధించేవారికీ అందులో చోటిచ్చారు. ఆయన పూర్వీకుల ఊరు మోక్షగుండం మన ఆంధ్రదేశంలోనిదే. 1908లో మూసీ వరద ముంచిన తరువాత హైదరాబాదుకు రక్షణ చెప్పినవారు ఆయనే. నీరు ముంచకముందే ఆనకట్ట కట్టాలన్నది ఆయన వృత్తిధర్మం. ఆ పేరుతో ఇచ్చే వేతనమైనా, మరొక వేతనమైనా, పిల్లవాడు మునగకముందే అందాలి కదా?

ఎదుటి వాదన కూడా చెప్పాలి. ఫెలోషిప్పు తీసుకుంటూ పోటీపరీక్షలకు చదువుకొనేవారు లేరా అంటే, ఉన్నారు. సిద్ధాంతగ్రంథాల్లో అరువు రాతలు లేవా అంటే, అవీ ఉన్నాయి. అందుకు మార్గం ఏటా నిక్కచ్చిగా పని పరీక్షించి, పనిచేయనివారిని పంపివేయడం. తరగతిలో నలుగురు కాపీ కొట్టారని మిగిలిన ముప్పైఆరుగురి మార్కులు ఆపేసిన ఉపాధ్యాయుణ్ణి మీరెవరైనా మెచ్చుకుంటారా?

మన విశాఖకు కొరతేమిటి? 1933లో ఓడరేవు, 1941లో ఓడల నిర్మాణశాల, ఆపైన చమురు శుద్ధి కర్మాగారం, నౌకాదళ పరిశోధనశాల, ఉద్యమించి సాధించుకున్న ఉక్కు కర్మాగారం. 2025 అక్టోబరులో గూగులు సంస్థ ఇక్కడ కృత్రిమ మేధకేంద్రానికి అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెడతామని ప్రకటించింది. యంత్రాలు ఓడలో వస్తాయి; వాటిని ప్రశ్నించగల బుర్రలు ఓడలో రావు. కంపెనీల చట్టం ప్రకారం సామాజిక బాధ్యతకు వెచ్చించవలసిన సొమ్మును ప్రభుత్వ నిధులతో నడిచే విశ్వవిద్యాలయాల శాస్త్రసాంకేతిక పరిశోధనకు ఇవ్వవచ్చునని 2019లో సవరణ వచ్చింది. ఈ నగరపు పరిశ్రమలు ఆ సొమ్ములో కొంతతో ఒక ఉమ్మడి నిధి ఏర్పరచి, ప్రభుత్వపు డబ్బు ఆలస్యమైన నెలలో పరిశోధకుడికి ముందుగా చెల్లించి, తరువాత రాబట్టుకుంటే చాలు. కొత్త పథకం అక్కరలేదు. ఒకటో తేదీ ఒకటో తేదీలాగా ఉంటే చాలు.

మిత్రులారా, మీలో చాలామంది కంప్యూటరు వృత్తిలోనివారు. మనమంతా ఇంగ్లీషు మీటలు నొక్కి తెలుగు రాసుకోవడానికి మూలమైన ఆర్‌టీఎస్ పద్ధతి, 1990ల తొలినాళ్లలో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్‌గార్ల చేతిలో రూపుదిద్దుకుంది. పరిశోధనకు నెలవైన చోట, నెల గడిచే చింత లేకుంటేనే అటువంటి పని సాగుతుంది. ఆ ఫలం మనం రోజూ తింటున్నాం. కనుక మీరు చదివిన కళాశాలలో, మీకు తెలిసిన శాఖలో, ఈ నెల ఫెలోషిప్పు అందని పరిశోధకుడు ఉన్నాడేమో ఒక్కసారి అడిగి చూడండి. ఉంటే పూర్వవిద్యార్థులు నలుగురు కలిసి వారాల పద్ధతి మళ్లీ మొదలుపెట్టవచ్చు. దానికి ఉపకారమని పేరు పెట్టకండి, అప్పు తీర్చడమనండి.

గోనెసంచి మళ్లీ అటక ఎక్కించలేదు. గుమ్మం పక్కనే ఉంచాను. తెలుగు చేతిరాత మీద పనిచేసే పిల్లలెవరైనా ఉంటే వచ్చి తీసుకువెళ్లవచ్చు.

స్వస్తి.