భర్మార్‌లో మందెంత?

మా మేనల్లుడు పెన్సిల్వేనియాలో ఉంటాడు. అక్కడ శనివారం రాత్రి, అంటే మనకు ఆదివారం పొద్దున, ఫోన్ చేయడం వాడి అలవాటు. వర్షాలు, కందిపంట, ఎవరి పెళ్ళి ఎప్పుడు, ఇవే మా ముచ్చట్లు. ఈమధ్య ఒక ఆదివారం మాత్రం, "మామయ్యా, తాతయ్య తన భర్మార్‌లో ఎంత మందు పోసేవాడు?" అని అడిగాడు. మందు అన్నమాట వినగానే వంటింట్లోంచి మా ఆవిడ తొంగి చూసింది. మా నాయినకు ఆ అలవాటు లేదని ఆమెకు తెలుసు.

ఇది తుపాకి మందు సంగతి. భర్మార్ అంటే గొట్టం మూతిలోంచి మందు, గుండు నింపి కాల్చే తుపాకి. భర్నా అంటే నింపడం, మార్నా అంటే కొట్టడం. పేరులోనే పని చెప్పారు మన దక్కనీ వాళ్ళు. 1946 నుంచి 1951 దాకా సాగిన తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటం గురించి చదివినవారికి వడిసెలతో పాటు ఈ పేరూ తగిలే ఉంటుంది. బసవకళ్యాణ్ కోటలోని తోపులూ అదే జాతివి, మూతిలోంచి నింపవలసినవే.

మేనల్లుడు కొన్నది మాత్రం మనం ఎరిగిన భర్మార్ కాదు. మన పల్లెల్లో ఉండేది నున్నటి గొట్టం, వెడల్పాటి నోరు, లోపల ఛర్రాలు. వాడిది రైఫిలు. గొట్టం లోపల మెలి తిరిగిన గాడులుంటాయి. వాటివల్ల గుండు తనచుట్టూ తాను తిరుగుతూ సూటిగా పోతుంది. పాయింట్ 32 కాలిబర్, అంటే గొట్టం నోరు అంగుళంలో నూటికి 32 వంతులు. మన చిటికెన వేలు కూడా దూరదు. బరువు ఏడు పౌన్లలోపే. అమెరికాలో వలస రైతులు ఒకప్పుడు ఇటువంటి వాటితో ఉడతలను కొట్టేవారు కనుక అక్కడ దీనికి ఉడత రైఫిలనే పేరు.

ఆ మాట చెవిన పడగానే మా ఆవిడ ఫోను లాక్కుంది. "ఉడతనా? రాములవారి వేళ్ళ గీతలున్న దాన్ని కొడతావా?" అని నిలదీసింది. "ఇక్కడి ఉడతలకు గీతలుండవత్తయ్యా, బూడిదరంగు, అరకిలో బరువు" అని వాడి సమాధానం. అయినా తాను కాల్చబోయేది కాగితం మీది చుక్కలనేనని ప్రమాణం చేసి బయటపడ్డాడు.

నేను చదివింది కామర్సు. తుపాకి శాస్త్రం నాకు రాదు. కానీ వాడు చెప్పే గ్రెయిన్ల లెక్క వింటుంటే నాకు మా బ్యాంకులో బంగారం తూచే త్రాసు గుర్తొచ్చింది. పాత తులం 180 గ్రెయిన్లు. తులానికి 12 మాషాలు, మాషాకు 15 గ్రెయిన్లు, 8 గురిగింజలు. (ఇప్పుడు అంగళ్ళలో తులమంటే 10 గ్రాములే అనుకుంటున్నారు. పాత తులం 11.66 గ్రాములు. బంగారం అప్పుకు వచ్చేవాళ్ళతో ఈ తగువు నాకు తప్పదు.) వాడి రైఫిలులో పట్టే సీసపు గుండు 45 గ్రెయిన్లు. అంటే 3 మాషాలు, పావు తులం. పాయింట్ 36 కాలిబర్ గుండు 65 గ్రెయిన్లు, నాలుగు మాషాల పైచిలుకు. పాయింట్ 50కి వెళితే ఇంచుమించు తులం.

నోరు కొంచెం పెరిగితే గుండు బరువు ఇంతలా పెరుగుతుందేమని వాడు అడిగాడు. ఇది గోళం లెక్క. అడ్డుకొలత రెట్టింపయితే బరువు ఎనిమిది రెట్లవుతుంది. ఇందులో ఒక వాణిజ్య రహస్యం కూడా ఉంది. ఒక పౌను సీసానికి వాడి గుండ్లు 150కి పైగా వస్తాయి, పాయింట్ 50 గుండ్లయితే 40 కూడా రావు. అడవిలో ఇల్లు కట్టుకొని, సీసమూ మందూ దూరపు అంగడినుంచి మోసుకొచ్చే రైతు చిన్న నోటి తుపాకిని ఎందుకు కోరుకున్నాడో దీన్నిబట్టి తెలుస్తుంది. ఖర్చు తగ్గితే సాధన పెరుగుతుంది. సాధన ఉన్నవాడి గురి తప్పదు.

ఇక మందు. పాయింట్ 32కు 20 గ్రెయిన్లంటే 10, 11 గురిగింజల ఎత్తు. పాతిక ముప్పై గజాల దూరానికి అంతే చాలునని అనుభవజ్ఞుల మాట. 50 గజాలకు 30 గ్రెయిన్లు, సరిగ్గా 2 మాషాలు. ఆపైన మందు పోస్తే పొగ, చప్పుడు పెరుగుతాయి గాని గురి పెరగదు. అంత తేలిక గుండును గాలి పక్కకు తోసేస్తుంది, వేగమూ త్వరగా చస్తుంది. తక్కువతో మొదలుపెట్టి, తుపాకి తయారుచేసినవారు చెప్పిన హద్దు దాటకుండా అయిదేసి గ్రెయిన్లు పెంచుకుంటూ, ఒక్కొక్క కొలతకు అయిదారు గుండ్లు కాల్చి, కాగితం మీద చిల్లులు ఎక్కడ దగ్గరగా పడ్డాయో అక్కడ ఆగాలి. గుండు చుట్టూ చుట్టే గుడ్డ పీలిక మందం మారినా ఫలితం మారుతుంది. కాబట్టి ఒకసారి ఒక్కటే మార్చాలి. ఇది మా ఆడిటర్లకు కూడా నేర్పవలసిన సూత్రం.

నేను ఉత్సాహంగా, "కంసాలి త్రాసు ఒకటి పంపిస్తాను, తూచి పొయ్యి" అన్నాను. "వద్దు మామయ్యా" అన్నాడు. అసలైన నల్లమందును కూడా కొలతగొట్టంతోనే పోస్తారట. ఇప్పుడు దాని బదులు అమ్మే మందులు అదే కొలతకు బరువు తక్కువ. గ్రెయిన్లు లెక్కపెట్టి తూచి పోస్తే పోయవలసిన దానికంటే ఎక్కువ పడిపోతుంది. నా తులం, మాషా అర్థం చేసుకోవడానికే, వాడకానికి కాదన్నమాట. తూటాల్లో వాడే పొగరాని మందును మాత్రం ఇటువంటి గొట్టంలో చిటికెడు కూడా పోయరాదు. దాని ఒత్తిడికి గొట్టం నిలవదు.

ఆ రైఫిలు దేనికి పనికొస్తుంది, దేనికి పనికిరాదు అన్నదీ మాట్లాడుకున్నాం. ఉడత, కుందేలు, కాగితం. జింకకు పనికిరాదు. పావు తులం సీసంతో జింక చావదు, గాయపడి పొదల్లో దూరి రెండు రోజులు బాధపడుతుంది. పెన్సిల్వేనియాలో చెకుముకి రాయి తుపాకులతో జింకల వేటకు ప్రత్యేకంగా రోజులున్నాయి, కానీ పాయింట్ 44కు తగ్గిన నోరు చెల్లదని అక్కడి నిబంధన.

ఇక్కడి సంగతి వేరు. మా బ్రాంచికి వచ్చే రైతుల్లో కంది, జొన్న, చెరకు పొలాల్లో అడవి పందులతో, కృష్ణజింకలతో విసిగిపోనివాడు లేడు. "సార్, ఒక భర్మార్‌కు లైసెన్సు తీసుకుంటే?" అని అడిగేవాళ్ళున్నారు. 1959 ఆయుధాల చట్టం 13వ సెక్షనులో పంట రక్షణకు మూతి నుంచి నింపే తుపాకి ప్రస్తావన ఉన్నమాట నిజం. కానీ తుపాకికి లైసెన్సు వేరు, జంతువును చంపే అనుమతి వేరు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నిలిచిన పంటను పాడుచేసే అడవి పందినైనా అటవీ అధికారి వ్రాతపూర్వక అనుమతి లేకుండా చంపరాదు. కృష్ణజింక మొదటి షెడ్యూలులోది. దాన్ని చంపితే మూడేళ్ళకు తక్కువ కాని జైలు. కాకులను, ఎలుకలను కాల్చినా ఫరవాలేదనే పాత అయిదవ షెడ్యూలు 2022 సవరణతో పోయింది. పంటల బీమాలో అడవి జంతువుల నష్టాన్ని 2026 ఖరీఫ్ నుంచి చేరుస్తామని కేంద్రం 2025 నవంబరులో ప్రకటించింది. 72 గంటల్లోగా ఫోటోలతో తెలియజేయాలి. నన్నడిగేవాళ్ళకు తుపాకి కంటే ముందు ఈ ముక్క చెబుతాను.

మా నాయినకు ఆ పంట రక్షణ లైసెన్సే ఉండేది. మా ఊరు జహీరాబాదుకు అవతల, నారాయణఖేడ్ వైపు. ఆయనది 12 బోరు నున్నటి గొట్టం. ఛర్రాలు పోస్తే దానికి మందు 80 గ్రెయిన్ల పైన, అయిదున్నర మాషాలు. కంసాలి చేసిచ్చిన ఇత్తడి కొలత ఒకటి ఉండేది. సాధారణంగా ఆయన సగం కొలత మందు పోసి, కాగితం దట్టించి, మంచె మీదినుంచి ఆకాశంలోకి పేల్చేవాడు. పందులు పారిపోతే చాలు. ఆ కాగితం కూడా నిప్పుతో పడుతుంది, ఎండిన చొప్ప మీద పడకుండా చూడాలనేవాడు.

మేనల్లుడికి ఆ సగం కొలత చెప్పి ఫోను పెట్టేయవచ్చు. పెట్టలేకపోయాను.

1981 డిసెంబరు. నాకు 11 ఏళ్ళు. యాసంగి జొన్న పాలకంకి మీదుంది. నాయిన తుపాకి నింపి మంచెకు ఆనించి అన్నానికి ఇంటికి వెళ్ళాడు. కావలి నేను. నింపి ఉన్నదని నాకు చెప్పలేదు, నేను అడగలేదు. ఆయన వచ్చేసరికి పని చేసిపెడదామని నిండు కొలత మందు పోశాను, కాగితం దట్టించాను, ఛర్రాలు పోశాను. కడ్డీ రోజూకంటే జానెడు పైకి నిలిచింది. చూశాను. దాని అర్థం తెలియలేదు. టోపీ పెట్టడం మాత్రం నాయిన పని అని వదిలేశాను. నింపానని ఆయనకు చెబుదామనుకుంటూనే నిద్రపోయాను.

అర్ధరాత్రి దాటాక పందులొచ్చాయి. గుర్రం ఎక్కించి కాల్చాడు. గొట్టం ఆయన ఎడమచేయి పట్టుకున్నచోట చీలింది. చిటికెన వేలు, ఉంగరపు వేలు పోయాయి.

ఎడ్లబండిలో ఆసుపత్రికి పోతుంటే ఆయన నన్ను ఒక్కటే అడిగాడు. "కడ్డీ ఎంత దిగింది?" చెప్పాను. "ఎవరికీ చెప్పకు" అన్నాడు. లైసెన్సు ఉన్నవాడు తుపాకి పిల్లవాడికి వదిలాడంటే కేసవుతుందని అప్పుడు నాకు తెలియదు. డాక్టరుకు చెరకు గానుగలో చేయి పడిందన్నాడు. ఇంట్లోనూ అదే మాట. మా అక్కకు కూడా అదే తెలుసు. తుపాకి పాడైందని స్టేషనులో అప్పగించి, లైసెన్సు మళ్ళీ తిరగరాయించుకోలేదు. 2009లో పోయేదాకా నాతో ఆ మాట ఎత్తలేదు. జొన్నరొట్టె ఎడమచేత్తో పట్టుకోవడం రాక ఒడిలో పెట్టుకొని తుంచుకునేవాడు.

ఇదంతా చెప్పాక ఫోనులో చాలాసేపు చప్పుడు లేదు. "గానుగ కాదా?" అన్నాడు వాడు. "కాదురా" అన్నాను. మందెంతో తరువాత, ముందు కడ్డీ మీద గీత పెట్టుకొమ్మన్నాను. గొట్టం ఖాళీగా ఉన్నప్పుడు కడ్డీ ఎంత దిగుతుందో ఒక గీత. మందు, గుండు సరిగ్గా కూర్చున్నప్పుడు ఎంత దిగుతుందో ఇంకొకటి. తుపాకి చేతికి తీసుకున్న ప్రతిసారీ, తానే నింపినా సరే, కడ్డీ వేసి చూడాలి. గుండు మందు మీద ఆనకుండా మధ్యలో ఆగినా గొట్టం చీలుతుంది. టోపీ పేలి మందు అంటుకోకపోతే కనీసం నిమిషంపాటు గొట్టాన్ని దూరానికే చూపి పట్టుకోవాలి. సీసాలోంచి తిన్నగా గొట్టంలో మందు పోయరాదు, లోపల నిప్పు మిగిలి ఉండవచ్చు. పాయింట్ 32లో కడ్డీ సన్నం, విరిగితే అరచేతిలో దిగుతుంది, పొట్టిగా పట్టుకొని కొద్దికొద్దిగా తొయ్యాలి.

"అమ్మకు చెప్పనా?" అని అడిగాడు. నేనే చెబుతానన్నాను. ఈ సంచిక అక్క చేతికి అందేలోపే చెప్పాలి.

తరువాతి ఆదివారం వాడు ఫోటో పంపాడు. కొత్త కడ్డీ మీద కత్తితో గీసిన రెండు గీతలు. మొదటి రోజు 20 గ్రెయిన్లే పోశాడట.