సినిమా పోలీసు.. బజ్జీల బాకీ

అమెరికా సినిమాల్లో పోలీసు కనిపించాడంటే చేతిలో డోనట్ ఉండవలసిందే. చూడ్డానికి అది మన చిల్లుగారె లాంటిదే. కాకపోతే మైదాతో చేసి పంచదార అద్దుతారు. 1989లో మొదలైన ‘సింప్సన్స్’ కార్టూన్ సీరియల్‌లో పోలీసు అధికారి విగ్గమ్‌కు దొంగల మీద కంటే డోనట్ల మీదే ధ్యాస.

ఈ నవ్వు వెనుక ఒక కారణం ఉంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అక్కడి పట్టణాల్లో అర్ధరాత్రి తెరిచి ఉండే కొట్లు బహు తక్కువ. డోనట్లు తెల్లవారేసరికి సిద్ధం కావాలి గనుక ఆ కొట్లలో రాత్రంతా పొయ్యి వెలుగుతుండేది. గస్తీ పోలీసుకు వేడి కాఫీ, కాగితాలు రాసుకోవడానికి బల్ల దొరికేవి. కొట్టువాడికి దొంగల భయం తీరేది.

మన సినిమాల్లో డోనట్ లేదు, బజ్జీ ఉంది. పెద్ద అధికారి జోలికి హాస్యం పోదు. ‘కొండవీటి సింహం’ (1981)లో ఎన్టీఆర్, ‘అంకుశం’ (1989)లో రాజశేఖర్, ‘కర్తవ్యం’ (1990)లో విజయశాంతి అందరూ సింహాలే. తిండి సీను మాత్రం బొజ్జ కానిస్టేబుల్‌కు రాసిపెట్టారు. బండి దగ్గర తిని, మూతి తుడుచుకుని, లాఠీ ఊపుకుంటూ వెళ్లిపోతాడు. హాలు గొల్లుమంటుంది. బండివాడి ముఖం మీద కెమెరా నిలవదు.

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ కిందో, ఎల్బీనగర్ చౌరస్తాలో విజయవాడ బస్సులు ఆగే చోటో బండి పెట్టుకున్నవాడికి ఆ సీనులో నవ్వడానికేమీ లేదు. రోజుకు నాలుగు ప్లేట్లు ఉత్తినే పోతే ఆ నూనె, శనగపిండి అతని కూలిలోంచి పోయినట్టే. ‘మామూలు’ అన్న మాటకు మన దగ్గర రెండర్థాలు ఊరికే రాలేదు. వీధి వ్యాపారులకు గుర్తింపు పత్రం ఇవ్వాలని 2014లో చట్టం వచ్చింది. ఆ కాగితం ఉన్నవాడు కాస్త ధైర్యంగా డబ్బులడుగుతాడు. లేనివాడు నోరు మూసుకుంటాడు.

అలాగని కానిస్టేబుల్‌ ఒక్కడినే బోనెక్కించడం న్యాయం కాదు. కింది సిబ్బంది రోజుకు 10 నుంచి 16 గంటలు, వారానికి 7 రోజులు పనిచేస్తున్నారని జాతీయ పోలీసు కమిషన్ 1979లోనే తన తొలి నివేదికలో పేర్కొంది. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో బాంబులు పేలింది బస్‌స్టాప్ దగ్గర, మిర్చి బజ్జీల సెంటర్ దగ్గరే. ఆ రోడ్డు మీద పోలీసు ఎందుకు నిలబడాలో ఇక్కడివారికి ఎవరూ చెప్పనక్కర్లేదు. నిలబడ్డవాడికి ఆకలి వేస్తుంది. పొద్దుపోయాక కొట్లు కట్టించేది అతడే, కట్టేశాక టీచుక్క కోసం వెతుక్కునేదీ అతడే!

సంక్రాంతికి ఊళ్లకు వెళ్లే జనంతో ఎల్బీనగర్ కిక్కిరిసిపోతుంది. ఆ రాత్రుళ్లు డ్యూటీలో ఉండేవారికి వేళకు టీ, టిఫిను అందించే బాధ్యత పోలీసు శాఖదే. వండి పంపడం కుదరకపోతే చౌరస్తాలోని బండ్లవారి దగ్గర శాఖ పేరున నెలవారీ ఖాతా పెట్టినా సరే. ఒకటో తారీఖున ఆ లెక్క తీర్చేయాలి.