పొట్లం కట్టిన పరువు

మొన్న ముసురు పట్టిన సాయంత్రం బండి దగ్గర మిరపకాయ బజ్జీలు కట్టించుకుని ఇంటికొచ్చాను. పొట్లం విప్పితే నూనె మరకల కింద ఎవరివో రక్తపరీక్షలు. పేరు, వయసు, ఊరు, సెల్ నంబరు. ఆపరేషన్‌కు ముందు చేయించేవి కాబోలు. చివరి వరుసలో హెచ్‌ఐవీ, దానికెదురుగా ఫలితం. అదేమిటో ఇక్కడ రాయను. నేను చదవడమే ఎక్కువ.

బజ్జీ గొంతు దిగలేదు.

మర్నాడు ఆ కాగితం పట్టుకుని, దాని మీద పేరున్న ఆసుపత్రికే వెళ్లాను. "పేషెంట్ తాలూకు మనుషులా సార్?" అంది రిసెప్షన్‌లో అమ్మాయి. కాదన్నాను. "మరి మీకెందుకండీ?" మేనేజర్‌గారైతే నవ్వేశారు. "పాత రికార్డులు తూకానికి వేసేస్తాం సార్, గది ఖాళీ చేయొద్దూ? ఒక్క కాగితానికి ఇంత రాద్ధాంతమా!"

రాద్ధాంతమే! అదే కేస్‌షీటు నకలు పేషెంటు అడిగి చూడమనండి. రికార్డు రూములో వెతకాలి, వారం పోయాక రండి అంటారు. అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని 2002 నుంచీ వైద్యమండలి నిబంధన ఉంది. సొంతదారుకు దొరకని కాగితం బజ్జీల బండికి మాత్రం కిలోల లెక్కన దొరుకుతుంది.

చట్టాలు లేకనా? హెచ్‌ఐవీ వివరాల గుట్టు కాపాడాల్సింది వాటిని దాచిపెట్టుకున్న సంస్థేనని 2017 చట్టం చెబుతోంది. అదే ఏడాది ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు న్యాయమూర్తులు తొమ్మిదిమందీ గోప్యత ప్రాథమిక హక్కన్నారు. ఏడాది తిరక్కుండానే ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైట్‌లో 1.34 లక్షల మంది ఆధార్ నంబర్లు, కులమూ మతమూ బ్యాంకు ఖాతాలతో సహా, దండెం మీద బట్టల్లా ఆరేసి కనిపించాయి. ఇల్లిస్తామంటే వివరాలిచ్చిన పేదలవి.

2023లో ఇంకో చట్టం వచ్చింది. సమాచారాన్ని కాపాడకపోతే 250 కోట్ల దాకా జరిమానా అట. అబ్బో! ఆ డబ్బు వెళ్లేది సర్కారు ఖజానాకు. పరువు పోయినవాడికి పైసా రాదు. ఐటీ చట్టంలో 43ఏ సెక్షన్ కింద నష్టపరిహారం అడిగే దారి ఒకటి పెట్టారు, దాన్ని ఎత్తేసే ఏర్పాటూ ఈ కొత్త చట్టంలోనే చేశారు. పైగా ఇదంతా డిజిటల్ సమాచారానికే. చేత్తో రాసి బీరువాలో కుక్కిన కేస్‌షీటు కంప్యూటర్‌లోకి ఎక్కకపోతే దీని లెక్కలోకే రాదు.

ఆ సెల్ నంబరుకు ఫోన్ చేద్దామని రెండుసార్లు అనుకున్నాను. చేసి ఏమని చెప్పను? నీ రక్తం సంగతి నాకు బజ్జీల పొట్లంలో తెలిసింది నాయనా అనా?

కాగితాన్ని పొయ్యిలో పడేసి బండి దగ్గరికి వెళ్లాను. మేకుకు ఇంకా ఓ బెత్తెడు కట్ట వేలాడుతోంది. మొత్తం నాకిచ్చెయ్యి, డబ్బులిస్తానన్నాను.

"ఇవ్వను సార్," అన్నాడు. "ఆసుపత్రి కాగితాలు మందంగా ఉంటాయి. నూనె కారదు."