కఱ్ఱయు, కర్పూరమును

నాగులచవితినాడు పుట్టలో పాలు పోసిన చేయియే మఱునాడు వంటయింట పాము కనబడినచో కఱ్ఱ నందుకొనుచున్నది. ఈ రెండు పనులకును మూల మొక్కటే, వెఱపు. వెఱపుచేత పూజించువాడును, వెఱపుచేత చంపువాడును పాము నెఱిగినవారు కారు.

2018 ఆగస్టులో దివిసీమయందు జరిగినది చదువరులు మఱచియుండరు. వానలు కురిసి, కాలువలు నిండి, పొలముపనులు సాగుచున్న దినములలో అవనిగడ్డ ప్రాంతమున ఒక్క నెలలోనే నూర్గురకు మించి పాముకాటునకు గురియైరని పత్రికలు ప్రకటించినవి. ఆ నెలాఖరున మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామి యాలయమున దేవాదాయశాఖవారు సర్పయాగము జరిపించిరి. స్వామియందు భక్తిగలవారిని మేము నిందింపము; భక్తి వారి సొంతము. కాని ప్రజల ప్రాణరక్షణము ప్రభుత్వధర్మము. హోమధూమము ఎలుకబొఱియను పూడ్చదు. మంత్రము గట్టుపై నడచు కూలివాని కాలికి చెప్పు తొడుగదు.

పాము పగబట్టి రాదు. ఎలుకలు పెరిగినచో ఆహారమునకై వచ్చును. చేలు మునిగినచో పొడినేలకై యింటి గడప దాటును. ఇంటి నానుకొనిన గడ్డివాము, కట్టెలమోపు, ధాన్యపుగాదె, గోడలోని కన్నము, ఇవియే దానికి మనము వేయు పీటలు. ఎలుకలను తిను జెఱ్ఱిపోతును త్రాచని భ్రమించి కొట్టిచంపి, పిదప ఎలుకలు ధాన్యము తినిపోవుచున్నవని వాపోవుట యేమి వివేకము? జెఱ్ఱిపోతునకు, నీరుకట్టునకు మనలను చంపు విషము లేదు. ప్రాణాంతకములలో ముఖ్యమైనవి త్రాచు, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి యను నాలుగు. ఆ నాలుగింటికిని విరుగుడుమం దొక్కటే.

"మా బిడ్డలకంటె పాము ప్రాణ మెక్కువా?" యని యడుగువారు కలరు. ప్రశ్న న్యాయమైనదే. 2000 మొదలు 2019 వఱకు మన దేశమున సుమారు 12 లక్షలమంది పాముకాటువలన మరణించిరని 2020లో వెలువడిన పరిశోధనము తెలుపుచున్నది. అందుచేతనే చంపబోవల దనుచున్నాము. కఱ్ఱతో దగ్గఱకు పోవువాడే కాటున కందువాడు. పిల్లల నావలకు పంపి, దూరముగ నిలిచి, అది యెచట దాగెనో కనిపెట్టుచు, నేర్పరియైన పాములు పట్టువానికో, అటవీశాఖకో కబురంపుట అహింస మాత్రమే కాదు, ఆత్మరక్షణము. ఈ పాములను చంపుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమునకును విరుద్ధము. కాటుపడినవానిని కదలనీయక, మంత్రగానియొద్దకు గాక ఆసుపత్రికి కొనిపోవలెను. గాయమును కోయుట, పీల్చుట, పైన బిగించి కట్టుట కూడదు.

గబ్బిలముల గతియు నిట్టిదే. పాత పెంకుటిండ్ల దూలముల నడుమ చేరు చిన్న గబ్బిలములు రాత్రివేళ పురుగులను తిని మనకు మేలే చేయును. అయినను అపశకునమని పొగబెట్టి చంపుదురు. జాషువకవి 1941లో తన 'గబ్బిలము'నందు గుడి ప్రవేశము లేని మానవుని మొఱను ఈ జీవిచేతనే శివునికి పంపెను. మనుష్యునే గడప వెలుపల నిలిపిన మౌఢ్యము గబ్బిలము నపశకున మనుటలో వింత లేదు. వాని నింటినుండి పంపదలచినచో, అవి సందెవేళ వెలువడు సందుపై వలగుడ్డను పైయంచున బిగించి, క్రింద వదులుగ వ్రేలాడగట్టవలెను. బయటికి పోగలవు, తిరిగి లోనికి రాలేవు. కొన్ని రాత్రులకు పిదప సందు పూడ్చవచ్చును. పిల్లలు ఎగురలేని దినములలో మాత్ర మీ పని చేయరాదు. తల్లి వెలుపలను, పిల్ల లోపలను చిక్కి చచ్చును.

దివిసీమ రైతులారా! వానకాలమునకు ముందే మీ పంచాయతీ నడుగుడు: పాములు పట్టుటయందు శిక్షణపొందిన యువకు లిద్దఱు, ఆరోగ్యకేంద్రమున విరుగుడుమందు, కూలీల కాళ్లకు బూట్లు, చేతికి దీపము. యాగమునకు చందా యడుగ వచ్చినవారిని ఈ నాలుగును సమకూడినవా యని మొదట ప్రశ్నింపుడు.