రెండు నిమిషాల గోధుమ వెనక ఎందుకు పరిగెత్తాలి?

ఈసారి వీడియోలో కషాయాలు లేవు, ద్రావణాలు లేవు. ఫోన్‌లో ఆడే వ్యవసాయం ఆట గురించి మాట్లాడాను. నవ్వుకోకండి. మోటారు వేసి గట్టు మీద కూర్చున్న కుర్రాళ్లలో చాలామంది చేతిలో ఇప్పుడు ఈ ఆటే ఉంటోంది. అందులో హే డే ఒకటి. ఫిన్లాండ్‌కి చెందిన సూపర్‌సెల్ కంపెనీ 2012లో తెచ్చింది. నేనూ ఆడతాను.

ఆటలో గోధుమ రెండు నిమిషాల్లో కోతకొస్తుంది. మొక్కజొన్నకి ఐదు, సోయాకి ఇరవై నిమిషాలు. గుమ్మడికి మూడు గంటలు. ఒకటి వేస్తే రెండొస్తాయి. చాలామంది ఏం చేస్తారంటే గోధుమ వేస్తారు, కోస్తారు, మళ్లీ వేస్తారు. వేలు నొప్పి పుట్టేదాకా అదే పని. గాదె నిండిపోతుంది, ఏం చెయ్యాలో తెలీదు, అగ్గువకి అమ్మేస్తారు. చూసేవాళ్లకి మాత్రం మహా కష్టపడుతున్నట్టుంటుంది!

గోధుమ అదే పనిగా వెయ్యడం తప్పని నేననట్లేదు. గాదె పెంచుకోవాలంటే మేకులు, స్క్రూలు, చెక్కలు కావాలి. అవి కోతలప్పుడు ఎప్పుడో ఒకటి అనుకోకుండా దొరుకుతాయి. కాబట్టి ఎక్కువ కోతలు కోస్తే దొరికే అవకాశం ఎక్కువ. గాదె పెంచాలని లెక్క వేసుకుని అరగంట గోధుమే వేశారనుకోండి, అది ప్లాను. ఏమీ అనుకోకుండా వేస్తే వట్టి హడావుడి. బయటికి రెండూ ఒకేలా కనపడతాయి, అక్కడే వచ్చింది చిక్కు.

నా పద్ధతి చెప్తాను. ఫోన్ దగ్గర ఉండేటప్పుడే తక్కువ టైము పంట. పొలానికి వెళ్లేముందు, పడుకునేముందు గుమ్మడి లాంటివి వేసి మూసేస్తా. ఈ ఆటలో పంట ఎండిపోదు, మేత వెయ్యకపోతే ఆవు చచ్చిపోదు. (మన కొట్టంలో ఆవుకి ఆ సౌకర్యం లేదు లెండి.) 2009లో వచ్చిన ఫార్మ్‌విల్ అలా కాదు, టైముకి కొయ్యకపోతే పంట వాడిపోయేది. దానికోసం అర్ధరాత్రి అలారం పెట్టుకున్నారంటే అర్థముంది. హే డేకి ఎందుకండీ పరుగు?

పరుగు పెట్టించేది ఆట వ్యాపారమే. ఆట ఉచితం, అందులో వజ్రాలు మాత్రం డబ్బులకి. వజ్రం పెడితే ఆగక్కర్లేదు. అంటే వాళ్లు అమ్ముకునేది మన తొందరని. పురుగు కనపడకముందే వారం వారం మందు కొట్టమని చెప్పే దుకాణదారుడికీ దీనికీ పెద్ద తేడా నాకు కనపడదు. జీవామృతం కలిపాక 48 గంటలు నీడన ఉంచి, రోజూ కాస్త తిప్పాలి. మధ్యలో ఎంత హైరానా పడ్డా అది త్వరగా పులవదు.

ఇంకో సంగతి. ఆటలో పండిందే విత్తనం. గోధుమంతా మేతకీ రొట్టెకీ వాడేస్తే తర్వాత వెయ్యడానికి గింజ ఉండదు. ఇంకొకరి దగ్గర కొనాలి, లేకపోతే వజ్రాలు పెట్టాలి. నాటు విత్తనం దాచుకునేవాళ్లకి ఈ లెక్క వేరే చెప్పక్కర్లేదు. నేను ప్రతి పంటలో ఒక మడికి సరిపడా పక్కనపెట్టాకే బండికి ఎక్కిస్తా.

బండి అంటే గుర్తొచ్చింది. బోర్డు మీద వచ్చిన ప్రతి ఆర్డరూ పంపాలని రూలేం లేదు. నచ్చనిది చెత్తబుట్టలో వేస్తే కాసేపటికి ఇంకొకటి వస్తుంది. నా గానుగ నూనె వ్యాపారంలో కూడా అంతే. దూరాభారం నుంచి అరలీటరు అడిగితే, కొరియర్ ఛార్జీ లాభాన్ని తినేస్తుందని తెలిసీ ఎందుకు పంపాలి? పక్క ఊళ్లో నలుగురిని కలిపి ఒక డబ్బా తీసుకోమంటాను.

"టైంపాస్ ఆటకి కూడా ప్లానింగా అన్నా?" అంటారు కొందరు. టైంపాస్ కూడా ఒక ఉద్దేశమే, కాదనను. మడికి నీళ్లు పారేదాకా ఇరవై నిమిషాలు ఆడి జేబులో పెట్టుకుంటే హాయి. నీళ్లు గట్టు తెగి పక్కోడి చేలోకి పోతుంటే ఇక్కడ గోధుమ కోస్తూ కూర్చుంటే మాత్రం దాన్ని విశ్రాంతి అనలేం, పని అనలేం.

రాత్రి పంట ఎలా వేస్తానో, గాదెలో ఏది ఎంత ఉంచుతానో స్క్రీన్ రికార్డు చేసి వీడియోలో పెట్టాను, చూడండి. వచ్చే వారం మళ్లీ వేరుశనగలోకి వెళ్దాం.